మరిగే జావలో కలిపిన మందు

ఆ ఆదివారం చేయవలసిన పనులను శనివారం సాయంత్రమే కేలండరు కాగితం వెనక రాసి పెట్టుకున్నాను.

ఆరింటికి పట్టుపురుగులకు మొదటి ఆకు.
నాయనకు స్నానం, గడ్డం. తల మీద కుట్ల చోట సబ్బు తగలకూడదు.
ఎనిమిదింటికి పొడి, జావ, బీపీ మాత్ర.
మాట నేర్పడానికి మిషన్ ఆసుపత్రి హన్నా సిస్టర్ ఇచ్చిన బొమ్మల అట్టలు, అరగంట.
కుడి చేతికి, కుడి కాలికి కసరత్తు.
కరెంటు వస్తే మల్బరీ తోటకు నీళ్ళు.
డిపో నుంచి వచ్చిన కాగితానికి జవాబు.

ఆ చివరి పనిని మూడు వారాలుగా రాస్తూనే ఉన్నాను. చేయడం లేదు.

ఇంతవరకు జరిగింది చదివినవారికి ఆ కాగితం సంగతి తెలుసు. తెలియనివారికి నాలుగు మాటల్లో చెప్తాను. మా నాయన వెంకటముని మదనపల్లె బస్టాండులో మైకు ముందు కూర్చునే మనిషి. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో పంతొమ్మిదేళ్ళుగా జనం ఆయన గొంతు విని తెలుసుకున్నారు. 2005లో దీపావళి వెళ్ళిన వారానికి, టీ గ్లాసు చేతిలో ఉండగానే బల్ల మీదికి వాలిపోయాడు. మెదడులో నరం చిట్లి నెత్తురు గడ్డకట్టింది. వేలూరు తీసుకుపోతే తల తెరిచి గడ్డ తీశారు. ప్రాణం దక్కింది. మాటా, జ్ఞాపకమూ దక్కలేదు. ఆ మీదట ఊపిరితిత్తులకు జబ్బు తగులుకుంటే బలమైన మందులు వాడవలసి వచ్చింది. వాటితో కడుపు చెడింది. రోజుకు ఏడెనిమిది విరేచనాలు. తిన్నది ఒంటికి పట్టదు. నిద్ర లేదు. పిలిస్తే పలకడు. నన్ను చూసి ఎవరో అనుకుంటాడు.

డిసెంబరు నడుమ మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో చేర్చితే డాక్టరు శరత్ బాబు గారు ఒక పొడి రాశారు. ప్రోబయోటిక్ అంటారు. కడుపుకు మేలు చేసే సూక్ష్మజీవులు బతికి ఉన్న పొడి. ఉదయం రెండు పొట్లాలు. ఆరు వారాలు గడిచాయి. నాయనలో ఇసుమంత మార్పు లేదు.

డిపో కాగితంలో ఉన్నది ఇదే: మార్చి పదమూడున నాయన వైద్యుల బోర్డు ముందుకు రావాలి. పనికి తగడని వాళ్ళు తేలిస్తే ఆరోగ్య కారణాల మీద ఉద్యోగం నుంచి తప్పిస్తారు. జీతం సంగతి నేను ఆలోచించలేదు. నాకు ల్యాబులో ఉద్యోగం ఉంది, అమ్మకు పట్టుపురుగులున్నాయి. ఆ మైకు పోతే మా నాయన ఎవరవుతాడన్నదే నా దిగులు.

మా ఇల్లు పుంగనూరుకు రెండు మైళ్ళ దూరం. పుంగనూరులో రక్తపరీక్షల ల్యాబుకు నేను ఉదయం ఏడింటికే బయలుదేరాలి. ఆదివారాలు తోటలో ఆకు కోతకు పోతాను. అందువల్ల ఎనిమిదింటి పొడిని ఎప్పుడూ అమ్మే కలిపేది. ఆ ఆదివారం ఆకు కోతకు కూలి మనిషి దొరికింది. బొమ్మల అట్టల కోసం నేను వంటింట్లోకి వచ్చాను.

పొయ్యి మీద రాగి జావ కుతకుతలాడుతోంది. అమ్మ రెండు పొట్లాలు చించి పొడిని ఆ మరిగే జావలో పోసింది. గరిటెతో కలిపి, మూత పెట్టి, మంట ఇంకాస్త ఎగదోసింది.

"ఏం చేస్తాండావు మా?"

"కనపడ్లేదా? మీ నాయనకు మందు కలుపుతాండా."

"పొయ్యి మీద యాల?"

"బాగా ఉడకాల గదా. దినామూ పావుగంట పెడతా. ఒక్క దినం గూడా తప్పలేదు, కావాలంటే నీ కేలండర్లో రాసుకో."

కింద పడి ఉన్న ఖాళీ పొట్లం తీసి, వెనక వైపు వేడి తగలకూడదని ఉన్న ఇంగ్లీషు అక్షరాలను అమ్మకు వేలితో చూపించాను. అమ్మకు తెలుగు కూడా చదవడం రాదని ఆ క్షణంలో గుర్తు లేదు.

"ఎన్నాళ్ళుగా ఇట్లా?"

"ఆసుపత్రిలో ఇచ్చిన కాన్నుంచీ."

ఆరు వారాలు. రోజుకు రెండు. ఎనభై నాలుగు పొట్లాలు.

"సంపేసినావు మా," అన్నాను. "అన్నిట్నీ ఉడకబెట్టి సంపేసినావు. బతికుంటేనే గదా అవి పని చేసేది!" మా అమ్మ మీద నేను గొంతు పెంచడం అదే మొదటిసారి.

అమ్మ గరిటెను పొయ్యిగట్టు మీద పెట్టి నా వైపు తిరిగింది.

"ఊరు ఊరంతా వినాలనా? నువ్వే గదమ్మే సెప్పింది, దాంట్లో బతికుండే పురుగులు ఉండాయని? ఆసుపత్రి మెట్ల మీద కూసోని సెప్పినావు. కంటికి కనపడవు, కోట్లు కోట్లు ఉండాయి, అని గొప్పగా సెప్పినావు. నేను విన్యా. ఆ రాత్రంతా ఆలోచన సేస్తి. తల కోసి కుట్టినోని కడుపులోకి బతికుండే పురుగుల్ని యాల పంపాల? పోయినాక అవి ఊరికే కూసుంటాయా?"

"అవి మంచివి మా."

"కంటికి కనపడని పురుగు యాడన్నా మంచి సేసిందా? పోయినేడు ఒక పంటంతా యెట్ల పాయనో సూళ్ళేదా నువ్వు?"

చూశాను. గూడు కట్టడానికి నాలుగు రోజులుందనగా, తట్టల్లో ఉన్న పట్టుపురుగులన్నీ కడుపు చెడి, నల్లబడి, పట్టుకుంటే చేతిలోనే మెత్తగా జారిపోయాయి. అమ్మ వాటిని గంపల్లో మోసి గుంటలో పూడ్చి సున్నం చల్లింది. రెండు రోజులు అన్నం ముట్టలేదు. అప్పటినుంచి మా పురుగుల షెడ్డులోకి ఎవరు రావాలన్నా చెప్పులు బయట విడిచి, కాళ్ళు బ్లీచింగు నీళ్ళలో ముంచి రావలసిందే. మా మేనమామ వచ్చినా అంతే, సర్పంచి వచ్చినా అంతే. తట్టలు కడగడం, ఎండబెట్టడం, మందు పొగ వేయడం, మళ్ళీ కడగడం. కంటికి కనపడని జీవుల్ని చంపడంలోనే మా అమ్మ రెడ్డెమ్మ ఇరవై ఏళ్ళు గడిచాయి.

అలాంటి మనిషి దగ్గర కూర్చుని నేను చెప్పిందేమిటి? మా వంశంలో డిగ్రీ చదివిన మొదటిదాన్ని. బి.ఎస్సీ.లో సూక్ష్మజీవుల శాస్త్రం చదివాను. ఆ చదువంతా మొదటిసారి ఇంటికి పనికొచ్చిందన్న సంబరంలో కోట్ల లెక్కలు చెప్పాను. ఎలా కలపాలో మాత్రం చెప్పలేదు. పొయ్యి ముందు నిలబడి ఒక్కసారి చేసి చూపిస్తే సరిపోయేది. దానికి డిగ్రీ అక్కర్లేదు.

కోపం నా మీదికే తిరిగింది. గిన్నె దించి, అమ్మ పక్కన పీట వేసుకుని కూర్చున్నాను.

"మా, పాలు తోడు పెట్టేటప్పుడు ఏం సేస్తావు?"

"ఇప్పుడు పాల ముచ్చట ఏంది?"

"సెప్పు మా."

"కాంచి, ఆరబెట్టి, వేలు పెట్టి సూసి తోడేస్తా."

"మరిగే పాలల్లో ఏస్తే?"

"తోడు సచ్చిపోతాది. యాడన్నా పెరుగవుతాదా..."

అమ్మ అక్కడే ఆగిపోయింది. దించిన గిన్నె వైపు చూసింది. చిరిగిన పొట్లాల వైపు చూసింది.

"ఆ పొడి తోడా?"

"తోడు లాంటిదే మా. కడుపుకేసే తోడు."

"మరి ఆ మాట సెప్పలేకపోతివే! తోడు అని ఒక్క మాట! పురుగులంట, కోట్లంట! దీనికి మూడేండ్లు కాలేజీకి పోవాల్నా?"

నేను తల వంచుకున్నాను.

అప్పుడు గుమ్మం దగ్గర నుంచి ఒక శబ్దం వచ్చింది. నాయన కుర్చీలో కూర్చుని మమ్మల్నే చూస్తున్నాడు. అప్పటికి ఆయన నోట మిగిలిన మాటలు రెండే: "అది", "వద్దు". ఎడమ చేయి ఎత్తి జావ గిన్నెను చూపించి, "అది! అది!" అన్నాడు. మొదట దగ్గు అనుకున్నాను. దగ్గు కాదు. నవ్వుతున్నాడు. ఆపరేషన్ తరువాత ఆయన నవ్వడం మేము అంతవరకు చూడలేదు.

"నవ్వుబ్బా, నవ్వు," అంది అమ్మ. "ఆరు వారాలు ఉడకబెట్టిన సున్నం తాగినావు, నవ్వక ఏం సేస్తావు?" అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు.

మరునాడు ల్యాబులో చెప్పి మదనపల్లె బస్సెక్కాను. శరత్ బాబు గారు అంతా విని కలం కింద పెట్టారు.

"తప్పు నీదొక్కదానిదే కాదమ్మా. గోరువెచ్చని నీళ్ళలో కలపాలని చీటీలో ఇంగ్లీషులో రాసి చేతులు దులుపుకున్నాను. మళ్ళీ మొదలుపెడదాం. కానీ ఒక మాట విను. ఈ పొడితో తల బాగవుతుందని నేను ప్రమాణం చేయలేను. కడుపుకూ మెదడుకూ సంబంధం ఉందని ఇప్పుడిప్పుడే పరిశోధనలు చేస్తున్నారు. రుజువైందని ఎవరైనా అంటే నమ్మొద్దు. కడుపు కుదుటపడితే తిండి ఒంటికి పడుతుంది, నిద్ర వస్తుంది. నిద్ర వచ్చిన తలకు మనం నేర్పే కసరత్తు ఎక్కుతుంది. నా ఆశ అంతవరకే."

"పెరుగు పెట్టొచ్చా సార్? తల ఆపరేషన్ అయినోళ్ళకు చలవని అమ్మ మానిపించింది."

"అయ్యో, పెట్టమని చెప్పు తల్లీ!"

అమ్మకు ఆ తరువాత ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. నీళ్ళు కాచి, ఆరబెట్టి, చిటికెనవేలు ముంచి చూసి, చాలదన్నట్టు ఆ వేలిని నా చెంపకు ఆనించి, "ఈ మాత్రం సాలునా?" అని అడిగి, అప్పుడు పొట్లం చించేది. నేను నోటుపుస్తకంలో రోజూ రాశాను. నాలుగో రోజుకు విరేచనాలు మూడుకు దిగాయి. ఏడో రోజుకు ఒకటి. ఎనిమిదో రోజు నాయన రాత్రంతా కదలకుండా నిద్రపోయాడు. తొమ్మిదో రోజు సంగటి ముద్ద ఇంకొకటి కావాలని చేయి చాపాడు. పదో రోజు నేను ల్యాబు నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే, "ము... నీ" అని నన్ను పేరు పెట్టి పిలిచాడు.

ఆ పేజీలో నేను ఇంకేమీ రాయలేకపోయాను.

పన్నెండో రోజున పట్టుపురుగులు పండాయి. పండిన పురుగు ఆకు ముట్టదు. ఒళ్ళు పసుపు పచ్చగా, అద్దంలా మెరుస్తుంది. దాన్ని తట్టలోంచి ఏరి, వెదురుతో అల్లిన చంద్రికల మీద వదిలితే గూడు కడుతుంది. ఆలస్యం చేస్తే పట్టంతా తట్టలోనే వృథా. అందుకని ఆ రోజు ఇంట్లో ఉన్న ప్రతి చేయీ షెడ్డులోనే ఉండాలి. నాయన కాళ్ళు కూడా బ్లీచింగు నీళ్ళలో ముంచి, లోపల కుర్చీ వేసి కూర్చోబెట్టాం. ఎడమ చేత్తో ఆయనా ఏరుతున్నాడు. అరల మీద అరలు, ప్రతి అరలో తట్టలు. ముందు ఏది దించాలో తెలియక అమ్మ తికమక పడుతోంది.

"ఏ తట్ట తియ్యాలమ్మే? పైదా, కిందదా?"

నేను బదులు చెప్పేలోపు వెనక నుంచి ఒక గొంతు లేచింది. బొంగురుగా, అక్కడక్కడా తెగుతూ, కానీ ఆ గొంతే.

"మూడవ అర... రెండవ తట్ట... చంద్రికల మీదకు... బయలుదేరుటకు... సిద్ధముగా ఉన్నది."

ఏరడానికి వచ్చిన ఆడవాళ్ళు చేతులు ఆపేశారు. నేను ఆ తట్ట వైపు చూశాను. అందులో పురుగులన్నీ పండి మెరుస్తున్నాయి. సరిగ్గా చెప్పాడు. చూశాడు, తేల్చుకున్నాడు, వాక్యం పూర్తి చేశాడు.

అమ్మ ఆ తట్టను దించి చేతుల్లో పట్టుకుని అడిగింది. "ప్యాసింజర్లు ఎక్కినారా?"

నాయన పెదవులు తడుపుకున్నాడు. "ప్రయాణికులు... త్వరగా... ఎక్కవలసినదిగా... కోరుచున్నాము."

ఆడవాళ్ళ కేకలకు పురుగులు బెదురుతాయని ఆ రోజు అమ్మ ఎవరినీ కసరలేదు.

ఆ మరునాటి నుంచి మా షెడ్డే బస్టాండు. గూళ్ళు తీసేశాక ఖాళీ తట్టల మీద నేను బొగ్గుతో ఊళ్ళ పేర్లు రాశాను. అమ్మ వాటిని ఇష్టం వచ్చినట్టు అరలు మార్చి పెట్టేది. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదుందో, ఏయే ఊళ్ళ మీదుగా పోతుందో నాయన చెప్పాలి. తప్పు చెబితే అమ్మ ఊరుకునేది కాదు. "ఏమబ్బా, తిరపతి పోయేవాళ్ళను అనంతపురం పంపిస్తివే! గుండు కొట్టించుకునేదానికి యాడికి పోవాల వాళ్ళు?" అనేది. హన్నా సిస్టర్ ఒకసారి ఇంటికి వచ్చి ఈ వైభవమంతా చూసి, తను తెచ్చిన కొత్త బొమ్మల అట్టలను సంచిలోంచి తీయకుండానే వెళ్ళిపోయింది. "ఇదే చేయించండమ్మా. నా దగ్గర ఇంతకంటే మంచిది లేదు," అంది.

డిపో కాగితానికి జవాబు రాశాను. ఒకే వాక్యం: వెంకటముని మార్చి పదమూడున హాజరవుతాడు.

ఆ సోమవారం పదింటికి మదనపల్లె డిపో మేడ మీది గదిలో ముగ్గురు డాక్టర్లు, డిపో మేనేజరు కూర్చున్నారు. నాయన కుడి కాలు కొంచెం ఈడుస్తూ, ఖాకీ చొక్కా గుండీలన్నీ తనే పెట్టుకుని లోపలికి నడిచాడు. నన్ను తలుపు దగ్గర నిలబడనిచ్చారు. తేదీ అడిగారు, చెప్పాడు. ఐదు వస్తువుల పేర్లు చెప్పి కాసేపాగి అడిగారు, నాలుగు చెప్పాడు. నూరులోంచి ఏడేసి తీసుకుంటూ పొమ్మన్నారు. తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్భై తొమ్మిది వరకు వచ్చి ఆగాడు.

"కష్టంగా ఉందా?" అన్నారు పెద్ద డాక్టరు.

"ఏడో ఎక్కం... బళ్ళో గూడా... నాకు రాలా సార్. అయివారు... గోడ కుర్చీ ఏపించినాడు."

మేనేజరు నవ్వు ఆపుకోలేకపోయాడు. కానీ ముగ్గురిలో చిన్నవాడైన డాక్టరు నవ్వలేదు. "గదిలో కూర్చుని చెప్పడం వేరండీ. కింద అంత రద్దీలో, అంత గోలలో, ఒక్క తప్పు చెప్తే వంద మంది తప్పు బస్సెక్కుతారు. నేను అయితే సంతకం పెట్టలేను," అన్నాడు. ఆయన తప్పు మాట్లాడలేదు.

నాయన లేచి నిలబడ్డాడు. "అయితే కిందికే... పోదాం పదండి సార్."

మైకు గదిలో అప్పుడు నాగేంద్ర ఉన్నాడు. నాయన కింద పని నేర్చుకున్నవాడు. కుర్చీ ఖాళీ చేసి, "రాన్నా, కూసో. నాలుగు నెలలుగా జనం నన్ను తిట్టని తిట్టు లేదు. నీ గొంతు పెట్టిన అలవాటు అది," అని టైముల కాగితం చేతికిచ్చాడు. డాక్టర్లు ముగ్గురూ వెనక నిలబడ్డారు. నేనూ అమ్మా బయట మూడో ప్లాట్‌ఫారం మీద, గొట్టం మైకు కింద నిలబడ్డాం.

మైకు గరగరమంది. తరువాత ఏమీ లేదు. అరటిపళ్ళ బండివాడి అరుపు, హారన్లు, పిల్లల ఏడుపు. పది క్షణాలు, ఇరవై క్షణాలు. మైకు గది అద్దంలోంచి నాయన పెదవులు కదలడం కనిపిస్తోంది, మాట రావడం లేదు. చిన్న డాక్టరు చేతి గడియారం చూసుకున్నాడు. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. గాజు నొక్కుకుని నొప్పి పుట్టింది.

"ఏ తట్టబ్బా ముందు?" అంది అమ్మ, తనలో తాను అనుకున్నట్టు.

అప్పుడు వచ్చింది.

"ప్రయాణికులకు... విజ్ఞప్తి. తిరుపతి వెళ్ళు బస్సు... ఐదవ నంబరు ప్లాట్‌ఫారం నందు... బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది."

టీ అంగడిలో గ్లాసులు కడుగుతున్న ఆమె తలెత్తి, "వెంకటమునన్న!" అని అరిచింది. పోర్టర్లు ఆగిపోయారు. నాయన ఆగలేదు. రాయచోటి. కదిరి. చిత్తూరు. ఒక్కొక్క పేరుకూ గొంతు గట్టిపడుతూ పోయింది. ఇంతలో ఒక బస్సు వచ్చి రెండో ప్లాట్‌ఫారం మీద ఆగింది. ముందర బోర్డు మీద బెంగళూరు అని ఉంది. జనం సంచులతో ఎగబడ్డారు. నాగేంద్ర కాగితంలో కూడా ఆ వేళకు బెంగళూరు బస్సే. నాయన కాగితం వంక, బస్సు వంక చూసి, మైకు దగ్గరికి వంగాడు.

"రెండవ ప్లాట్‌ఫారం... డ్రైవరు గారికి విజ్ఞప్తి. మీది అనంతపురం బస్సు. బోర్డు తిప్పండి. బెంగళూరు ప్రయాణికులు దిగి... వెనక వచ్చు బస్సు ఎక్కండి."

డ్రైవరు కిందికి దూకి, బోర్డు చూసుకుని, నాలుక కరుచుకున్నాడు. ఎక్కినవాళ్ళు నవ్వుతూ, తిట్టుకుంటూ దిగారు. నాయన డ్రైవరును గుర్తుపట్టాడు, బస్సు నంబరు గుర్తుపట్టాడు, కాగితంలో ఉన్న బస్సు అది కాదని తెలుసుకున్నాడు. అద్దం వెనక చిన్న డాక్టరు జేబులోంచి కలం తీశాడు. గోడకే కాగితం ఆనించి అందరికంటే ముందు సంతకం పెట్టింది ఆయనే.

బస్టాండులో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. నాగేంద్ర బయటికి పరుగెత్తుకొచ్చి, "పాస్ అమ్మోయ్, పాస్!" అన్నాడు. టీ అంగడి ఆమె అందరికీ టీలు పోసింది. నేను అమ్మను కౌగిలించుకుని ఏడ్చాను. సిగ్గుపడటం మరిచిపోయాను. పరీక్ష పాసైనందుకు అంత సంతోషం నా డిగ్రీ రోజున కూడా నాకు కలగలేదు.

మైకు మళ్ళీ పలికింది. ఈసారి ఎక్కడా తెగలేదు.

"మదనపల్లె నుండి పుంగనూరు, పలమనేరు, బైరెడ్డిపల్లె, వి.కోట మీదుగా కుప్పం వెళ్ళు బస్సు మూడవ నంబరు ప్లాట్‌ఫారం నందు..."

అమ్మ నా భుజం మీది చేయి తీసి ఆ బస్సు వైపు తిరిగింది.

"ఏమాయ మా?"

"వి.కోట," అంది అమ్మ. "రాజమ్మది వి.కోట."

"ఏ రాజమ్మ?"

"డిసెంబర్లో మిషన్ ఆసుపత్రిలో మీ నాయన పక్క మంచం. సైకిల్ షాపు చిన్నస్వామి పెండ్లాము. ఆయనకూ తలలో నెత్తురు గడ్డకట్టి ఇదే ఆపరేషను. ఇదే పొడి ఇచ్చినారు. ఆయమ్మకు ఏమీ తెలీదు మునీ, పాపము. యెట్ల కలపాలక్కా అని నన్నడిగింది. నేనే సెప్పినా. బాగా ఉడకబెట్టమ్మా, పావుగంటకు తక్కువ పెట్టొద్దు, అని ఒట్టేయించుకున్యా."

టీ గ్లాసు నా చేతిలో అలాగే ఉండిపోయింది. "తెలిసి ఆరు వారాలాయె మా! యాల సెప్పలేదు?"

"మీ నాయన మాట్లాడకుండా ఏమని పోయి సెప్పేది? ఉడకబెట్టిందే తప్పని నాకే రూఢి కాకపోయె. ఇప్పుడాయె గదా."

పొడితో తల బాగవుతుందని రూఢి కాలేదన్న డాక్టరు గారి మాట నా నోటి దాకా వచ్చింది. చెప్పలేదు. నవ్వుతున్న జనం మధ్యలోంచి అమ్మ అప్పటికే మూడో ప్లాట్‌ఫారం మీది బస్సు మెట్టు ఎక్కుతోంది. ఆ ఇంటికి పోయి ఏం చెప్పాలో, ఎంతవరకు చెప్పాలో నాకు తెలియదు. రాజమ్మ తలుపు తీస్తుందో లేదో తెలియదు. గ్లాసు నాగేంద్ర చేతిలో పెట్టి, కదులుతున్న బస్సు కమ్మీ పట్టుకున్నాను. వెనక మైకులో నాయన గొంతు రాయలపేట బస్సును పిలుస్తోంది.

ఈ వారం మా నాయనను మీరు మరిచిపోయినా నేనేమీ అనుకోను. ఆయన తన కుర్చీలో తాను క్షేమంగా కూర్చున్నాడు. వి.కోటలో ఒక సైకిల్ షాపు వెనక గదిలో, తన పెండ్లాము పేరు కూడా తెలియకుండా పడుకుని, రోజూ ఉదయం పావుగంట మరిగించిన పొడి తాగుతున్న మనిషి ఒకడున్నాడు. చిన్నస్వామి. ఆ పేరు గుర్తుపెట్టుకోండి.